వేలు కదలాల్సిన చోట

కళ్ళ మీదుగా కట్టు ఆఖరి చుట్టు తిప్పి, చెవి వెనక పిన్ను గుచ్చి, "ఊపిరాడుతోందా గురువుగారూ?" అనడిగాడు మేకప్ మనిషి. ఆడుతోందన్నాను. ముక్కు దగ్గరా నోటి దగ్గరా కాస్త సందు వదిలాడు, మిగతా తలంతా తెల్లగుడ్డ, గుడ్డ లోపల దూది, దూది లోపల నేను. భోజనాలయ్యాక మొదటి షాట్ ఇది, అందరికీ కళ్ళు మూతలు పడే వేళ, నన్ను పడుకోబెట్టే సీను సరిగ్గా ఇప్పుడే పెట్టాడంటే తొందరగారికి నా మీద ఎంత దయో. డైరెక్టర్‌కి ఆ పేరు పెట్టింది నేనే, "తొందరగా, తొందరగా" అన్నది తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు గనక. ఇందాక వచ్చి నా కుడి చెయ్యి దుప్పటి మీద పెట్టి, చూపుడు వేలు మీద రెండుసార్లు తట్టి, "బాబాయ్, అమ్మాయి మాట్లాడుతుంది, ఏడుస్తుంది, ఆఖర్న 'నేను మళ్ళీ వస్తాను నాన్నా' అంటుంది. అదే మీ క్యూ. అప్పుడు ఈ వేలొక్కటి కదలాలి. అంతవరకూ మీరు శవమే," అన్నాడు. శవం వేరు, కోమా వేరు. శవానికి ఊపిరి బిగబట్టాలి, కోమాకి పీల్చుకోవచ్చు. ఈ తేడా నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో పద్నాలుగుసార్లు చచ్చినవాణ్ణి. రెండుసార్లు నీళ్ళలో మునిగి, ఒకసారి మెట్ల మీంచి దొర్లి, మిగతావన్నీ గుండెపోట్లే. గుండె పట్టుకోవడంలో నాదొక పద్ధతి ఉంది, చెయ్యి వెళ్తున్నట్టు ఆ మనిషికి తెలియకూడదు, చూసేవాడికి మాత్రం తెలియాలి. మధ్యలో ఆరేళ్ళు డాక్టర్ వేషాలే. "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అని కళ్ళజోడు తీసి తుడుచుకునేవాణ్ణి. ఎన్ని కుటుంబాలకు చెప్పానో ఆ ముక్క, ఎంతమంది ఆడవాళ్ళు నా కోటు పట్టుకుని ఏడ్చారో. ఇవాళ ఆ మాట ఎవడో కుర్రాడు నా మంచం పక్కన నిలబడి చెబుతాడు, అదీ కళ్ళజోడు లేకుండా. వీళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

పరుపు పలచన. కింది ఇనప పట్టీలు వీపుని లెక్కపెడుతున్నాయి. కాళ్ళ వైపు పెద్ద లైటు వేసినట్టున్నారు, వేడి పాదాల మీంచి మోకాళ్ళ మీదికి పాకుతోంది. నా మొదటి వేషంలో కూడా నా ముఖం కనపడలేదు, బ్యాంకులో వరసలో నిలబడ్డ మనిషిని, కెమెరా నా వెనక ఉంది. మా అమ్మ చొక్కా చూసి గుర్తుపట్టి ఇరుగుపొరుగుని పిలిచింది, వాళ్ళు వచ్చేసరికి వరస కదిలిపోయింది. తర్వాత పోస్ట్‌మన్‌ని, వాచ్‌మన్‌ని, ఇల్లు ఖాళీ చేయమనే ఇంటాయన్ని, సుత్తి కొట్టే జడ్జిని. జుట్టు నెరిశాక తండ్రిని. ఎంతమంది కూతుళ్ళకు తండ్రినో మా ఆవిడ ఒకసారి లెక్క కట్టి, నలభై దాటాక విసుగొచ్చి మానేసింది. చివరికి ఈ మాస్టారి పాత్ర, రిటైరైన లెక్కల మాస్టారు, తొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం అందరి ఇళ్ళలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. మందుల షాపులో నా చీటీ మీద పేరు చదవకుండానే "మాస్టారూ" అంటారు. కూరగాయలమ్మే ఆవిడ ఒకనాడు నన్ను నడిరోడ్డు మీద నిలదీసి, "ఆ వెధవకి పిల్లనెలా ఇచ్చావయ్యా, కళ్ళు దొబ్బాయా?" అని తిడితే, నేను తల దించుకుని నిజంగానే సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే ఇంటికెళ్ళాను, దారి పొడుగునా ఆలోచించాను, ఆ పిల్లాడి గురించి ఇంకాస్త విచారించి ఉండాల్సిందని.

ఇలా తల చుట్టి పడుకోబెడితే ఒక విచిత్రం జరుగుతుంది, మనిషి ఉన్నాడన్న సంగతే అందరూ మరిచిపోతారు. కాస్ట్యూమ్ మనిషి వచ్చి దుప్పటి అంచులు సర్దుతున్నాడు, వాడి జేబులో గుండు సూదుల డబ్బా గలగలమంటుంది, అందుకని వాడేనని తెలుసు. లైట్‌మన్ నిచ్చెన మీంచి అడుగుతున్నాడు.

"కొత్తాయన కొలతలొచ్చాయా?"

"నిన్న వచ్చాయి. భుజాలు వెడల్పు. ఈయన చొక్కాలు ఒక్కటీ పనికిరావు, మాస్టారి బట్టలన్నీ మళ్ళీ కుట్టించాలి."

"కట్టు ఎప్పుడు విప్పుతారు?"

"శుక్రవారం. ముఖానికి ఆపరేషన్ చేశారని చెప్పి విప్పితే కొత్త ముఖం. జనం రెండ్రోజులు తిట్టుకుంటారు, మూడోరోజుకి అలవాటు పడిపోతారు."

"పెద్దాయనకి చెప్పారా మరి?"

"ముందే చెబితే ఈ కట్టు షాట్లకి రాడని భయం. రాసింది వాళ్ళమ్మాయే కదా, ఆమెకే వదిలేశారు."

"ఆమె చెప్పలేదా?"

"చెప్పుంటే ఇలా హాయిగా పడుకుంటాడా? నిచ్చెన అటు జరుపు."

నిచ్చెన అటు జరిగింది. నేను పడుకునే ఉన్నాను. మొదట నవ్వొచ్చింది, ఈ సీను నేను లక్షసార్లు చూశాను, తలుపు చాటున నిలబడి రహస్యం వినేసే సీను, నాకు ఎప్పుడూ దక్కేది కాదు, ఇన్నాళ్ళకి దక్కింది, నిలబడే పని కూడా లేకుండా. తర్వాత నవ్వు ఎటు పోయిందో పోయింది. కొత్త ముఖం వస్తుందన్న మాట కాదు నన్ను కోసింది, ముఖాలు మారతాయి, మార్చేవాళ్ళు మారుస్తారు, ఈ పనిలో అది మామూలే, నేనూ ఒకరి బదులు వెళ్ళినవాణ్ణే. రాసింది వాళ్ళమ్మాయే కదా. వాళ్ళమ్మాయే కదా. మా అమ్మాయి. రెండు వారాల ముందు రాసి ఉండాలి, మాస్టారి యాక్సిడెంట్ సీను తీసి పది రోజులైంది. అంటే ఈ రెండు వారాలూ నా ఎదురుగా కూర్చుని టిఫిన్ తింది, నా కప్పులో పంచదార ఎక్కువైతే "నాన్నా, చాలు" అంది, నా మోకాలి నొప్పికి తనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, కళ్ళజోడుకి కొత్త ఫ్రేము కొనిపెట్టింది. పాప మెత్తబడిందే, నా మీద ఏదో పాత కోపం ఉండేది, అది కరిగిందే అని మా ఆవిడతో మురిసిపోతూ చెప్పాను కూడా. మా ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది. ఆవిడకీ తెలుసా? ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసా? ఈ పొద్దున కారు దిగుతుంటే నా కాలర్ సరిచేసి, "ఇవాళ నీకు డైలాగులు లేవు నాన్నా, హాయిగా పడుకోవడమే," అంది, నేను పడుకున్నాను తల్లీ, నువ్వు చెప్పినట్టే పడుకున్నాను.

ఇంతకీ ఈమెని ఇక్కడికి తెచ్చిందెవరు? నేను. చదువు మధ్యలో ఆగిపోయి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే, చేతిరాత బాగుంటుందని చెప్పి, సీన్లకి నకళ్ళు రాసే పనిలో పెట్టించాను. తొందరగారి గుమ్మం ముందు ఎప్పుడూ నా కోసం నిలబడని నేను, ఆమె కోసం నిలబడ్డాను. నకళ్ళు రాస్తూ రాస్తూ మాటలు దిద్దడం మొదలుపెట్టింది, దిద్దుతూ దిద్దుతూ రాయడం మొదలుపెట్టింది, నాలుగేళ్ళయ్యేసరికి ఈ సీరియల్‌లో ప్రతి ముక్కా ఆమెదే. నేను గర్వంతో నేల మీద నడవలేదు. మాస్టారి నోట్లో మా ఇంటి మాటలు పెట్టేది, మా ఆవిడ కసురుకునే తీరు, నేను దువ్వెన కనపడక ఇల్లంతా తిరుగుతూ సణుక్కునే సణుగుడు, అన్నీ. సీను పేపరు చదివి పగలబడి నవ్వేవాణ్ణి. ఇది నాది, ఇది మా ఇంటిదని తోటి నటులకు చూపించేవాణ్ణి. మా ఇంట్లో నోరు మెదపని పిల్ల, మాస్టారితో మాత్రం వారానికి ఐదు రోజులు మాట్లాడేది. నాకు అదే చాలనిపించేది. మాస్టారిని తీసుకెళ్ళి లారీ కింద తోసింది కూడా ఆ చేతిరాతే, అది ఎంత గుండ్రంగా ఉంటుందో, 'లారీ ఢీకొంటుంది' అన్న ముక్క ఎంత ముద్దుగా రాసి ఉంటుందో.

సరే. వేలు కదలదు. ఈ ఆలోచన ఎప్పుడొచ్చిందో తెలియదు, వచ్చాక ఒళ్ళంతా చల్లబడింది. వేలు కదిలితేనే మాస్టారు బతికినట్టు, బతికితేనే శుక్రవారం కట్టు విప్పేది, విప్పితేనే ఆ వెడల్పు భుజాలాయన నా కుర్చీలో కూర్చునేది. కదపను. కావాలంటే ఎవరి వేలైనా తెచ్చి విడిగా తీసుకుంటారు, నాకు తెలియదా, చేతులకేం కరువు. కానీ ఈ పూట, ఈ షాట్‌లో, ఈ మంచం మీద ఉన్న వేలు నాది. తొమ్మిదేళ్ళ మాస్టారిలో నాకు మిగిలింది ఈ ఒక్క వేలు, దాన్ని నా అంతట నేను ఎవరికీ ఇవ్వను. మొండితనం అంటారా, అనండి.

"సైలెన్స్!" అని అరిచారు. ఫ్యాను ఆపేశారు. నా ఎడమ పక్క గాజుల చప్పుడు, పౌడరు వాసన, తెర మీది కూతురు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మంచి పిల్ల, బంగారం, కాకపోతే పేపరు ముట్టుకోదు. మాకు మాటలు పక్కనుంచి ఎవరో పైకి చదివి అందిస్తారు, విని తిరిగి అంటాం, అసలు గొంతులు తర్వాత డబ్బింగ్‌లో పడతాయి గనక చదివిన గొంతు టీవీలో వినపడదు. నేను మాత్రం రాత్రే బట్టీపట్టి వచ్చేవాణ్ణి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరి చేతా అందించుకోలేదు. ఈ పిల్ల అలా కాదు, ఏది వినపడితే అది అంటుంది. ఒకసారి చదివే ఆవిడ మధ్యలో "అబ్బా, ఉక్క" అంటే, ఈమె కన్నీళ్ళు కారుస్తూ నా చెయ్యి పట్టుకుని "అబ్బా, ఉక్క" అంది. మూడు రోజులు నవ్వాం. ఇవాళ చదివే ఆవిడకి గొంతు పోయిందట, బదులుగా కెమెరా పక్కనుంచి ఇంకో గొంతు దగ్గి సవరించుకుంది. ఆ దగ్గు నాకు తెలియకేం, పసిపిల్లగా ఉన్నప్పుడు నా భుజం మీద దగ్గిన దగ్గు.

"నాన్నా, నేను," అంది మా అమ్మాయి, ఏ రాగమూ లేకుండా, సరుకుల జాబితా చదివినట్టు. "నాన్నా! నేను!" అంది తెర కూతురు వెక్కుతూ. "రావడం ఆలస్యమైంది." "రావడం... ఆలస్యమైంది!" "నువ్వు అందరి మాటా వింటావని ఊరంతా అంటుంది." అన్నీ రెండేసిసార్లు వచ్చి నా మీద పడుతున్నాయి, ముందు ఎండుగా, తర్వాత తడిగా. తడిది నన్నేం చేయలేదు, అలాంటివి నలభైమంది నా గుండె మీద కుమ్మరించారు. "ఆ రోజు తలుపవతల నువ్వున్నావనుకుని అన్నీ చెప్పాను." తెర కూతురు ఆ తలుపు దగ్గర తడబడింది, కట్ అన్నారు, నీళ్ళు తాగించారు, నేను మాత్రం ఆ తలుపు దగ్గరే ఆగిపోయాను. ఏ తలుపు? మాస్టారి ఇంట్లో తొమ్మిదేళ్ళలో ఏ తలుపు దగ్గరా ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. ఆ తలుపు మాది. మా ఇంటి బాత్రూమ్ తలుపు, కింద పెచ్చులూడి, వానాకాలంలో బిగుసుకుపోయే పచ్చరంగు తలుపు.

పందొమ్మిదేళ్ళప్పుడు లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చుంది. మా ఆవిడ ఊళ్ళో లేదు. గంటైనా రాకపోతే వెళ్ళి తలుపు తట్టాను. తీయలేదు, అక్కడే తలుపుకి వీపు ఆనించి కూర్చున్నట్టుంది, గొంతు నా మోకాళ్ళ ఎత్తునుంచి వచ్చింది. ఏడాదిగా కాలేజీకి వెళ్ళడం లేదని చెప్పింది. పొద్దున్నే డబ్బా కట్టించుకుని బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్ళి, మళ్ళీ ఈ చివరికి వచ్చి, డబ్బాలో అన్నం ఏదో పార్కులో కుక్కకి పెట్టి, సాయంత్రానికి ఇంటికొచ్చి మాకు లేని లెక్చరర్ల కబుర్లు చెప్పేదట. ఆ కబుర్లు విని నేను నవ్వేవాణ్ణి, వాళ్ళందరినీ అనుకరించి చూపించమనేవాణ్ణి. అరగంట చెప్పింది. నేను "ఊఁ, ఊఁ" అంటూ నిలబడ్డాను, కోప్పడలేదు, ఒక్క మాట అనలేదు, అంత మంచి తండ్రి ఉంటాడా? కానీ ఆ అరగంటా నేను ఏం చేస్తున్నానో నాకొక్కడికే తెలుసు. ఈ పిల్ల ఏడ్చేముందు గాలి ఒకేసారి పీల్చడం లేదే, రెండు మెట్లుగా పీలుస్తోందే, అని గమనిస్తున్నాను. ప్రతి అబద్ధం ఒప్పుకునే ముందు గోటితో తలుపుని గీరుతోంది, గీరి ఆగి చెబుతోంది, ఎంత బాగుంది ఇది, అనుకుంటున్నాను. అది నా వృత్తి. మా నాన్న దగ్గు అలాగే తెచ్చుకున్నాను, మా అమ్మ ఆఖరి రోజుల్లో దుప్పటి అంచు తడుముకునే తీరు తెచ్చుకున్నాను, మా ఆవిడ కోపంగా తువ్వాళ్ళు మడతపెట్టే విధం ఒక విలన్‌కి పెట్టాను. "నేనంత గట్టిగా మడవను," అని మా ఆవిడ నవ్వింది కూడా. రెండు నెలల తర్వాత నాకొక గుమాస్తా వేషం వచ్చింది, ఉద్యోగం పోయినా రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టు నటించే గుమాస్తా. భార్య ముందు ఒప్పుకునే సీనులో రెండు మెట్లుగా గాలి పీల్చాను. తలుపుని గోటితో గీరాను. ఫ్లోరంతా చప్పట్లు. ఆ ఏడాది ఉత్తమ సహాయ నటుడు, షీల్డు, శాలువా. అందరం కలిసి టీవీలో చూస్తుంటే మా ఆవిడ, "అది పాప ఏడుపు కదూ?" అంది మెల్లగా. ఎవరి ఏడుపైనా ఒకటేనన్నాను. పాప లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ కూర్చుని ఆఖరి దాకా చూసింది. అప్పట్నుంచి ఆ షీల్డు మీద దుమ్ము తుడిచేది ఆమే. గర్వపడుతోందనుకున్నాను, పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను.

అయినా దానికీ దీనికీ పోలికేమిటి? నేను తీసుకున్నది ఏడుపు, ఏడుపుకి పేరుండదు, ఎవరిదో ఎవరికీ తెలియదు. ఈమె తలుపు ఊడబీక్కొచ్చి ఫ్లోర్ మీద నిలబెట్టింది. నేను చేసింది పని, ఈమె చేసింది పగ. అని నాకు నేను గట్టిగా చెప్పుకుంటున్నాను, దూది లోపల చెవులు హోరుమంటున్నాయి. "టేక్!" అన్నారు. మళ్ళీ ఎండుగా, తడిగా, ఎండుగా, తడిగా. తలుపవతల నువ్వున్నావనుకుని అన్నీ చెప్పాను. తలుపు తీశాక నా ముఖం చూశావు, ముఖమే చూశావు నాన్నా. నేను మళ్ళీ వస్తాను నాన్నా. క్యూ వచ్చింది. వేలు దుప్పటి మీద ఉంది. కెమెరా దాని మీదికి వచ్చినట్టు ట్రాలీ చప్పుడు చెబుతోంది. కదపలేదు.

"కట్. బాబాయ్, వేలు!" అన్నాడు తొందరగారు. మళ్ళీ తీశారు, మళ్ళీ కదపలేదు. మూడోసారి ఫ్లోర్ మీద గుసగుసలు మొదలయ్యాయి. మేకప్ మనిషి వచ్చి, "గురువుగారూ, గురువుగారూ," అని భుజం కుదిపాడు. ఎవడో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "ఏమైనా అయ్యుంటే చచ్చాం," అన్నాడు తొందరగారు. నేను పోతానేమోనని కాదు ఆయన బెంగ, శుక్రవారం ఎపిసోడ్ పోతుందేమోనని. "బతికే ఉన్నాను, క్యూ సరిగ్గా వినపడలేదు," అన్నాను. మూతి మీద గుడ్డ అడ్డమొచ్చి సగం మాటలు లోపలే ఉండిపోయాయి. చెవుల్లో దూది ఎక్కువ కుక్కావని మేకప్ మనిషిని ఒకరు తిట్టారు. పాపం వాడేం చేశాడు.

"మేడమ్, మీరు మంచం పక్కకి వచ్చి చదవండి. సార్‌కి వినపడేలాగా. ఫ్రేములో పడకుండా కింద కూర్చోండి చాలు. తొందరగా," అన్నాడు తొందరగారు.

అడుగుల చప్పుడు వచ్చింది. కుడి పక్క నేల మీద ఎవరో కూర్చున్న చప్పుడు, మోకాలు చిటుక్కుమంది, పేపరు రెపరెపలాడింది. మా ఇంటి సబ్బు వాసన. గొంతు నా చెవి కంటే కిందనుంచి వస్తుందిప్పుడు. ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. నాన్నా, నేను చెప్పలేకపోయాను అంటుందేమో, నేను రాయకపోతే ఇంకొకరు రాసేవాళ్ళు, నీకింత మంచి సీను కూడా దక్కేది కాదు అంటుందేమో, అంటే ఏం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను, కడిగిపారేద్దామనుకున్నాను, ఇరవై మంది వింటున్నా సరే. పేపరు తిప్పి మొదటి ముక్క వెతుక్కుంది. ఇద్దరం పక్కపక్కనే ఉండి ఊపిరి పీల్చుకున్నాం, అంతే. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది, కట్టు కింద ఎవరికీ కనపడదు గనక రానిచ్చాను, దూది పీల్చేసుకుంది.

"యాక్షన్!"

"నాన్నా, నేను," అంది. అటుపక్క తెర కూతురు అదే మాట ఏడ్చింది. "రావడం ఆలస్యమైంది." నా వేలు గురించే ఆలోచించాను, అది రాయి, అది మంచం పట్టీ, అది నాది కాదు. "నువ్వు అందరి మాటా వింటావని ఊరంతా అంటుంది." క్యూకి ఇంకా చాలా ఉంది, ఇంకా మూడు ముక్కలున్నాయి, నాకు మొత్తం వచ్చేసింది ఈపాటికి. "ఆ రోజు తలుపవతల నువ్వున్నావనుకుని అన్నీ చెప్పాను," అంది, ఆగింది. ఇక్కడ ఆగకూడదు, ఇక్కడ తలుపు తీశాక అన్న ముక్క రావాలి. పేపరు చప్పుడు లేదు. గాలి పీల్చడం వినపడింది నాకు, ఒకసారి కాదు, రెండు మెట్లుగా.

"ఉన్నావా?" అంది.

వేలు కదిలింది. నేను పంపిన వేలు కాదది. నా అనుమతి అడగలేదు, లేచింది, దుప్పటి మీద ఒకసారి తగిలి ఆగిపోయింది. ఆ తర్వాత వినపడింది అటుపక్కనుంచి తెర కూతురి గొంతు, ఎప్పటిలా, ఏది అందిస్తే అది, గాజులు గలగలలాడిస్తూ, "ఉన్నావా నాన్నా!" అని. ఆ పిల్ల అనకముందే, క్యూ రాకముందే, పేపర్లో లేని మాటకి. ఆపుదామనుకున్నాను, అయిపోయిన దాన్ని ఎలా ఆపుతాను. మా ఇంట్లో ఇంకా ఎవరు మిగిలారు నాకు చెప్పకుండా చేయడానికి అనుకుంటే, ఇదిగో, నా వేలే.

"కట్! ఓకే! సూపర్ బాబాయ్!" అని అరిచాడు తొందరగారు. "కాస్త ముందొచ్చింది గానీ, ఇదే బాగుంది. నిజంగా ప్రాణం వచ్చినట్టుంది. ఎడిటింగ్‌లో జరుపుకుందాం. తొందరగా, డాక్టర్‌ని రమ్మనండి!" ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకొకరు కలిశారు. పెద్ద లైటు ఆర్పేశారు, మోకాళ్ళ మీది వేడి ఒక్కసారి దిగిపోయింది. గుండు సూదుల డబ్బా గలగలమంటూ వచ్చి దుప్పటి లాక్కెళ్ళింది, తర్వాతి షాట్‌కి వేరే దుప్పటట. నేను కుడివైపు తల తిప్పాను, తిప్పితే ఏముంది, అదే తెలుపు. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది, లేచిన చప్పుడు లేదు.

"నేను కదపలేదమ్మా," అన్నాను.

ఎవరికీ వినపడి ఉండదు, నాకే సరిగా వినపడలేదు.

"తెలుసు నాన్నా," అంది.

అంతలో ఎవరో వచ్చి, "మేడమ్, ఆ 'ఉన్నావా' పేపర్లో లేదు, డబ్బింగ్‌కి కావాలి కదా," అన్నారు. "రాస్తున్నా," అంది. పెన్ను మూత తీసిన చప్పుడైంది, మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నట్టుంది, నా చెవికి జానెడు దూరంలో కాగితం గరగరమంది. మూడక్షరాల మాట, ఎంతసేపు రాస్తారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. అక్షరాలు మూడు దాటాయి, వాక్యం దాటింది, ఆమె మధ్యలో ఒకసారి ఆగి నా వేలుని పట్టుకుని కొంచెం పైకెత్తి, ఎలా కదిలిందో చూసి, మళ్ళీ దుప్పటి లేని పరుపు మీద మెల్లగా పెట్టి, రాస్తూనే ఉంది.